రెండోసారి రాని కోల్మన్

ఐర్లండ్‌లోని మా మేయో జిల్లా ఉత్తరపు బురదనేలల్లో మనిషికి పేరు రావాలంటే ఫుట్‌బాల్ ఆడాలి, లేదా చచ్చిపోవాలి. ఈ రెండింట్లో ఏదీ చేయకుండా పేరు తెచ్చుకున్నవాడు కోల్మన్ మనెలీ ఒక్కడే. ఇళ్లు వెచ్చగా ఉండటానికి బాయిలర్లూ, వాటికి నూనె బర్నర్లూ బిగించడం అతని వృత్తి. అతను ఒకసారి బిగించిన బర్నర్‌ను మళ్లీ వచ్చి చూడమని ఏ ఇంటివారూ అప్పటిదాకా కబురు పెట్టలేదు. అందుకే అతన్ని అందరూ ‘రెండోసారి రాని కోల్మన్’ అనేవారు. పక్క ఊళ్లో ఇదే పని చేసే టమాస్ బారెట్ ఒక్కో ఇంటికి ఎన్నిసార్లు తిరిగేవాడంటే, ఆ ఇళ్ల కుక్కలు అతన్ని చూసి మొరగడం మానేసి తోకలు ఊపేవి.

కోల్మన్ పని చూడవలసిందే. బాయిలర్ ముందు మోకాళ్ల మీద కూర్చునేవాడు. ఆ భంగిమ చూసి ఫాదర్ లావెల్ ఒకసారి, “చర్చిలో ఇంత భక్తి చూపిస్తే ఈపాటికి పునీతుడయ్యేవాడు” అని నిట్టూర్చారు. నూనె గొట్టంలో చిక్కుకున్న గాలినంతా బుడగలు ఆగేదాకా సీసాలోకి వదిలేవాడు. పంపు ఒత్తిడి చూసేవాడు. బర్నర్‌కు గాలి అందించే పలకను గోరంత తెరిచి, మళ్లీ గోరులో సగం మూసేవాడు. చివరికి పొగగొట్టంలోంచి కాస్త పొగను తెల్లకాగితం మీదికి లాగి, కళ్లద్దాలు పెట్టుకుని చూసేవాడు. కాగితం తెల్లగానే ఉంటే సరే. లేత మచ్చ కనబడినా ఇంట్లో ఎవరో పోయినట్టు ముఖం పెట్టి మొదటికొచ్చేవాడు.

ఆ తరువాతది అసలు ఘట్టం. ఇల్లాలు టీ ఇస్తానంటుంది. అతను వద్దంటాడు. ఆమె మళ్లీ అంటుంది, అతను మళ్లీ వద్దంటాడు. మూడోసారికి కూర్చుంటాడు. మర్యాదస్తులెవరైనా ఇక్కడ అంతే. అయితే కోల్మన్ టీ కోసం కూర్చునేవాడు కాదు. బర్నర్ తనంతట తాను ఆగి, తనంతట తాను అంటుకోవడం చెవులారా విన్నాకే లేచేవాడు. ఈలోగా ఎవరైనా మాట్లాడితే చెయ్యి ఎత్తేవాడు. వంటింట్లో ఇల్లాలి నోరు మూయించి, ఆమె చేతే కేకు పెట్టించుకున్న మగవాడు ఈ జిల్లాలో మరొకడు లేడు.

ఆ ఏడాది శరత్కాలంలో ఇంటి పూజ వంతు అట్రాక్టా రడీకి వచ్చింది. ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి ఎన్నేళ్లకో ఒకసారి వచ్చే వంతు అది. ఫాదర్ వచ్చి వంటింటి బల్ల మీద పూజ చేస్తారు, ఇరుగుపొరుగంతా వస్తారు. దేవుడు హృదయాలను చూస్తాడేమో గానీ, ఇరుగుపొరుగు గోడలను చూస్తారు. అందుకని వంతు వచ్చిన ఇంట్లో కోళ్లగూడుకు సైతం రంగు వేస్తారు. కిందటిసారి వంతు వచ్చినప్పుడు డీలియా పాడెన్ ఇల్లంతా తివాచీ పరిపించింది. దానికి జవాబుగా అట్రాక్టా, బురదనేలలో కోసి ఎండబెట్టిన పీట్ గడ్డలు కాల్చే పొయ్యి తీయించి, నూనె బాయిలర్ పెట్టించాలని తీర్మానించింది.

“కనబడని నిప్పు ముందు ఎలా కూర్చుంటామే?” అన్నాడు ఆమె భర్త జార్లత్.

“ఇన్నేళ్లూ కనబడే నిప్పు ముందు కూర్చుని నువ్వు సాధించిందేమిటి?” అంది అట్రాక్టా.

కోల్మన్ వచ్చి, పెరట్లోని చిన్న గదిలో అంతా బిగించి, గోడకు కింద ఒకటి, పైన ఒకటి రంధ్రాలు పెట్టాడు. “ఇవి దాని ముక్కు. వీటి జోలికెళ్లొద్దు” అని జార్లత్‌కు చెప్పాడు. జార్లత్ ఆ మాటను తనలోనే భద్రంగా దాచుకున్నాడు.

పూజనాటి ఉదయం బయట మంచు గడ్డకట్టింది. వంటిల్లు నిండిపోయింది. పక్కగదిలో ఫాదర్ ఒక్కొక్కరు వచ్చి చెప్పుకునే పాపాలు వింటున్నారు. డీలియా మాత్రం గది వెచ్చబెట్టడానికి గోడవారన బిగించిన రేడియేటర్ మీద చెయ్యి వేసి నిలబడింది.

“చల్లగా ఎంత హాయిగా ఉందే అట్రాక్టా. ఇది ఎండాకాలానికా?”

అట్రాక్టా చేతిలోని పళ్లెం కొద్దిగా ఒరిగింది. గుంపులోని కళ్లన్నీ కోల్మన్ వైపు తిరిగాయి. టమాస్ బారెట్ కళ్లు వాటిలో మొదటివి. కోల్మన్ పూజ కోసం వేసుకున్న సూటుతోనే పెరట్లోకి నడిచాడు. అతని వెనకే నేనూ వెళ్లాను.

బర్నర్ మీద, అది ఆగిపోయిందని చెప్పే ఎర్రదీపం వెలుగుతోంది. కోల్మన్ మోకరిల్లి, మంటను కనిపెట్టే గాజుకన్ను బయటికి తీశాడు. నల్లగా మసిబట్టి ఉంది. గోడ వైపు తిరిగాడు. తెల్లగా, నున్నగా, ఒక్క మచ్చ లేని గోడ. బొటనవేలితో నొక్కాడు. రంగు కింద పచ్చి సిమెంటు.

వెనకాల అట్రాక్టా వచ్చి నిలబడింది.

“ఆ బొక్కలు పూడ్చడం నువ్వు మరిచిపోయావనుకున్నాను నాయనా. ఫాదర్ పెరట్లోకొస్తే కంటబడతాయని నిన్న నేనే...” ఆమె ముఖం గోడ కంటే తెల్లబడింది. “డీలియాకి తెలిస్తే నేను చచ్చేదాకా చెప్పుకుంటుంది. ఆ తరవాతా చెప్పుకుంటుంది.”

“గాలి అందకపోతే ఇది విషం కక్కుతుందమ్మా. మళ్లీ ఎప్పుడూ ముయ్యకండి” అన్నాడతను. అతని నోట అంత కఠినమైన మాట నేనెప్పుడూ వినలేదు. కోల్మనే జార్లత్ పనిముట్ల పెట్టెలోంచి ఉలి తెచ్చి రెండు రంధ్రాలూ పొడిచి తెరిచాడు. గాజుకన్ను చేతిరుమాలుతో తుడిచి పెట్టి, ఎర్రమీట నొక్కాడు. బర్నర్ గొంతు సవరించుకుని అందుకుంది. కోల్మన్ తల వంచి ఒక నిమిషం విన్నాడు.

తిరిగి వంటింట్లోకి వచ్చేసరికి డీలియా రేడియేటర్ పక్కనే కాచుకుని ఉంది.

“ఏమైందట?” అంది డీలియా.

కోల్మన్ సూటు చేతికి అంటిన సిమెంటును దులుపుకున్నాడు. చాలా నెమ్మదిగా దులుపుకున్నాడు. అట్రాక్టా తల వంచుకుని కప్పులు సర్దుతోంది.

“నాదే పొరపాటు. గాలికి దారి సరిగ్గా వదల్లేదు” అన్నాడు.

ఫాదర్ గారు పక్కగది తలుపు తీసుకుని బయటికొచ్చి, “నువ్వా, కోల్మన్?” అన్నారు. అంతసేపూ లోపల విన్న పాపాల్లో ఏదీ ఆయన్ను అంతగా కదిలించినట్టు లేదు. టమాస్ బారెట్ ఆ పూజలో ఎన్నడూ లేనంత ఉత్సాహంగా ‘ఆమెన్’లు చెప్పాడు.

కోల్మన్ పేరు ఆ విధంగా పోయిందని, జరిగింది తెలిసిన నేను నాలుగు రోజులు బాధపడ్డాను. నా బాధ అనవసరమైంది.

మరుసటి ఆదివారం చర్చి గుమ్మంలో డీలియా అతన్ని పట్టుకుంది. “ఎలాగూ ఓ ఇంటికి రెండోసారి వెళ్లావుగా, మా ఇంటికీ ఓసారి రా. మా బర్నర్ రెండేళ్లుగా ఆవు దగ్గినట్టు దగ్గుతోంది.”

“రెండేళ్లా? ఒక్క మాట చెప్పలేకపోయావా?”

“చెప్పి, నీ పేరు పోగొట్టిన పాపం నేనెక్కడ మొయ్యను? దుప్పటి కప్పుకుని ఊరుకున్నాను.”

ఆమె వెనక వరుసలో ఉన్నవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఒకాయన బర్నర్ ఈల వేస్తోందట. ఇంకొకావిడ ఇంట్లో పై అంతస్తు వేడెక్కక, ఆవిడ ఏడాదిగా వంటింట్లోనే పడుకుంటోందట. కోల్మన్ కీర్తిని కాపాడటానికి ఊరు ఊరంతా చలికి వణుకుతూ నోరు మూసుకుని కూర్చుంది.

కోల్మన్ అందరి మాటా విన్నాడు. సిగ్గుపడతాడనుకున్నాను. తెల్లకాగితం మీద మచ్చ కనబడినప్పటి ముఖమే పెట్టాడు గానీ, వెంటనే వ్యాను వైపు నడిచాడు. ఆ వారమంతా ఆ వ్యాను ఒక పెరడు నుంచి ఇంకో పెరడుకు తిరుగుతూనే ఉంది.

డీలియా ఇంటికి నేనూ వెళ్లాను. బర్నర్ దగ్గు మానింది. ఆమె టీ ఇస్తానంది. అతను వద్దన్నాడు.

“ఇంకోసారి అడగను. కూర్చో” అంది డీలియా.

కోల్మన్ కూర్చున్నాడు. ఆమె ఇంకేదో అనబోతే, చెయ్యి ఎత్తాడు.