దిగినోళ్లందరు ఎక్కిన్రా?

సోమవారం పొద్దున ఆఫీసుకు బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటుంటే మా ఆఫీసు మేడం చెల్లెలి దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. "అక్క పోయింది బిడ్డా. చాయ్ ఇద్దామని లేపితే లేవలే" అంది. ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు చేతిలో, గడపలోనే కూర్చుండిపోయాను. శనివారం సాయంత్రం కూడా నన్ను కడుపారా తిట్టిన మనిషి! చెప్పా పెట్టకుండా ఇట్లా పోవడమేమిటి? నిజం చెప్పాలంటే నాకు ముందు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది.

నా కోపం సంగతి మేడంకు బాగా తెలుసు. మాది హుస్నాబాద్. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నాకు "హుస్నాబాద్ మిరపకాయ" అని పేరు పెట్టారు. కస్టమర్లతో నా గొంతు లేచిందంటే చాలు, నా చేతిలోంచి ఫోన్ లాక్కునేవారు. "జర ఆగు మిరపకాయా, ముందుగాల వాళ్ల బాధేందో ఇను" అనేవారు.

మా ఆఫీసు కరీంనగర్‌లో ఒక టైర్ల దుకాణం మీది అంతస్తు. కంపెనీలు తమ కొనుగోళ్లు, అమ్మకాలు, జీతాలు, బిల్లులు అన్నీ ఒక పెద్ద సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించుకుంటాయి కదా, అందులో పడ్డ ప్రతి ఎంట్రీని తీసి క్లౌడ్‌కు, అంటే ఇంటర్నెట్‌లో ఉండే పెద్ద గిడ్డంగికి, చేర్చడం మా పని. అక్కడ అవి లెక్కలై, రంగురంగుల గీతలై యజమాని గదిలో గోడ మీది తెరపై కనిపిస్తాయి. ఏది పెంచాలో, ఏది మూయాలో ఆయన ఆ తెర చూసి తేల్చుకుంటాడు. మా చుట్టాలెవరైనా నువ్వేం పని చేస్తావని అడిగితే నేను "కంప్యూటర్ పని" అని ఊరుకుంటాను. మేడం మాత్రం ఎంత ఓపికగా చెప్పేవారో! "మేం పెండ్లిళ్ల పేరయ్యలం. గీ ఇంటి మాట గా ఇంటికి చేరేస్తం. నడుమ ఒక్క మాట మింగొద్దు, ఒక్క మాట కలుపొద్దు" అనేవారు.

సాయంత్రం అయ్యేసరికి బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఆమె రోజూ అడిగే ప్రశ్న ఒకటుంది: "దిగినోళ్లందరు ఎక్కిన్రా?" అక్కడ సాఫ్ట్‌వేర్‌లో పడ్డ ఎంట్రీలన్నీ ఇక్కడ క్లౌడ్‌లోకి చేరాయా అని దాని అర్థం. మాలో ఎవరో ఒకరు చూసి "ఎక్కిన్రు మేడం" అంటేనే తన టేబుల్ ఫ్యాను ఆపి, "అయితే నడువుండ్రి" అని లేచేవారు. ఏసీ ఉన్నా ఆమెకు ఆ ఫ్యానే కావాలి. అది తిరిగినంతసేపూ కిర్రుకిర్రుమంటూనే ఉండేది. కొత్తది కొందాం మేడం అని ఒకసారి విసుక్కున్నాను. "దానికేమైంది? నీ లెక్కనే మొత్తుకుంటది గని పని మంచిగ చేస్తది" అన్నారు. ఆఫీసంతా పగలబడి నవ్వింది.

ఆ ప్రశ్న ఎక్కడిదో ఒక మధ్యాహ్నం తను తెచ్చిన సర్వపిండి మా అందరికీ తుంచి పెడుతూ చెప్పారు. ఆమె పుట్టి పెరిగింది బెల్లంపల్లిలో. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని అనేవారు. బాపు బొగ్గుబాయిలో, అంటే గనిలో, పనిచేసేవారు. బాయి దిగే ప్రతి కార్మికుడూ లాంప్ రూంలో తన నంబరు దీపం తీసుకుని తలకు పెట్టుకుని దిగుతాడు. పైకొచ్చాక మళ్లీ అదే కొక్కేనికి తగిలిస్తాడు. ఏ కొక్కెం ఖాళీగా ఉంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క. షిఫ్టు అయిపోగానే అక్కడ అందరూ అడిగేది ఆ ప్రశ్నే.

"ఒకనాడు అందరి దీపాలు వచ్చినయి, మా బాపుది రాలే. మా అవ్వ నా చెయ్యి పట్టుకొని లాంప్ రూం కాడ నిలవడ్డది. గా ఖాళీ కొక్కెం దిక్కే చూస్తున్నది. మస్తు సేపటికి బాపు వచ్చిండు. ఎవరికో కాలు మడతపడితే పట్టుకొని మెల్లగ నడిపించుకొచ్చిండట. మా అవ్వ ఏడ్వలే. బాపు చేతులకెల్లి దీపం గుంజుకొని తనే పోయి కొక్కేనికి తగిలేసింది." నా చేతిలో ఒక ముక్క పెట్టి, "గందుకే పిల్లా, తెర మీద కనబడనోడు లేనోడు గాదు" అన్నారు. తర్వాత సర్వపిండిలో పల్లీలు తక్కువయ్యాయని తనను తానే తిట్టుకున్నారు.

కొన్నేళ్ల కిందట మాకు ఒక పాల డెయిరీ పని వచ్చింది. పల్లెల్లోని సెంటర్లలో పోసిన పాల లెక్క క్లౌడ్‌కు చేర్చాలి. మేడం ముందుగా సెంటర్లన్నీ చూడాలన్నారు. ఎండలో బస్సులెక్కి దిగలేక నేను గొణిగాను, సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఉంటే ఊళ్లు తిరగడమెందుకని. "పాలు ఆఫీసుల పిండుతున్నరా?" అన్నారు. అట్లా వెళ్లినప్పుడే ఖానాపూర్ దగ్గరి సెంటర్ నడిపే అక్క పరిచయమైంది. భర్త గల్ఫ్‌లో ఉంటాడు. పాలు కొలిచి, వెన్న శాతం చూసి, మిషన్‌లో ఎక్కించే పనంతా ఆమెదే. మాకు జున్ను పెట్టింది. మేడం ఆమె నంబరు తీసుకుని, తన నంబరు ఇచ్చారు.

డెయిరీ లెక్కను క్లౌడ్‌కు చేర్చే ప్రోగ్రాంను మేం కనెక్షన్ అంటాం, దాన్ని మేడమే స్వయంగా రాశారు. కొన్ని నెలలు అంతా బాగానే నడిచింది. ఒక మధ్యాహ్నం ఆ అక్క ఏడుస్తూ ఫోన్ చేసింది. "మేడం, మా సెంటర్ బంద్ జేస్తరట. పాలు సగానికి పడ్డయట. రోజూ క్యాన్లు నింపి పంపుతున్న గద! నా సంగతి ఇడిశిపెట్టు, గీ ఆడోళ్లంత పాలు ఏడికి తీస్కపోవాలె? దళారోడు చెప్పిందే రేటు అయితది."

మేడం అక్కడి లెక్క, ఇక్కడి లెక్క పక్కపక్కన తెరిచారు. ఖానాపూర్ వైపు నెట్ పోతే పాల ఎంట్రీలు మిషన్‌లోనే ఆగి, ఒకటి రెండు రోజుల తర్వాత పాత తేదీతో కంపెనీ సాఫ్ట్‌వేర్‌కు చేరేవి. మా కనెక్షనేమో ఏ రోజుకారోజు తేదీవే అడిగి తెచ్చుకునేది. ఆలస్యంగా వచ్చినవాటిని ఎవరూ పిలవలేదు. మేము సాయంత్రాలు లెక్క చూసినా ఆ రోజు తేదీవే చూశాం. రైతుల బిల్లులు కంపెనీ సాఫ్ట్‌వేర్ నుంచే సరిగ్గా వెళ్తున్నాయి కాబట్టి ఊళ్లో ఎవరికీ అనుమానం రాలేదు. తగ్గిందల్లా యజమాని తెర మీదే.

ఆఫీసు నడిపే మా సారు తలుపు మూసి వచ్చారు. "మెల్లగ సరిచేద్దాం మేడం. రేపటికల్ల గీతలు వాటంతటవే లేస్తయి. బయట చెప్పినమంటే డెయిరీ పని పోతది, మనమంత రోడ్డు మీద పడతం" అన్నారు. ఆయన భయం ఉత్తది కాదు. మాకు అన్నం పెట్టేది ఎక్కువగా ఆ డెయిరీయే.

మేడం బ్యాగు తీసుకుని లేచారు. "గీతలు వాటంతటవే లేస్తయి సార్. మూసిన సెంటర్ దానంతటదే తెరుసుకుంటదా?"

ఆమె వెంట నేనూ వెళ్లాను. డెయిరీ యజమాని గదిలో గోడ మీద మా తెరే వెలుగుతోంది. మేడం కూర్చోలేదు. "సార్, ఖానాపూర్‌ల పాలు తక్కువ రాలే. నేను తక్కువ చూపించిన. తప్పు నాది, వాళ్లది గాదు" అన్నారు.

ఆయన మండిపడ్డాడు. "మీ తెరను నమ్మి నేను రైతులకు మాట చెప్పిన. ఇప్పుడు నా మొకం ఏడ పెట్టుకోవాలె?"

"నా పేరు చెప్పుండ్రి సార్."

ఇంకా చాలా అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయి నోరు తెరవబోతే మేడం నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. చివరికి ఆయన అలసిపోయి, మా ముందే ఖానాపూర్‌కు ఫోన్ కలిపాడు. "అమ్మా, సెంటర్ ఉంటది. మా దిక్కెల్లి తప్పయింది" అన్నాడు. ఫోన్ పెట్టేసి మేడం వైపు తిరిగి, "ఇగ నుంచి ఎవరి పాలు రాలేదో నాకు మొదలు కనబడాలె. గీతలు తర్వాత" అన్నాడు. పని ఊడలేదు.

ఆటోలో మేడం బ్యాగును ఒళ్లో గట్టిగా అదుముకుని కూర్చున్నారు. ఆటో ఆపించి మిరపకాయ బజ్జీలు కొన్నాను. ఆమె ఒకటి కొరికి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ, "గీ మిరపకాయ నీకన్న నయమే పిల్లా" అన్నారు. ఆ నీళ్లు కారానికో, దేనికో నేను అడగలేదు.

ఆ వారమే కనెక్షన్ మార్చారు. తేదీ ఏదైనా కొత్తగా వచ్చిన ప్రతి ఎంట్రీనీ తెచ్చుకునేట్టు రాశారు. యజమాని గదిలోనూ మా ఆఫీసులోనూ తెర అడుగున సెంటర్‌కొకటి చొప్పున చిన్న దీపాల వరుస పెట్టారు. ఆ రోజు పొద్దుటి పాల లెక్క క్లౌడ్‌కు చేరితేనే ఆ సెంటర్ దీపం వెలుగుతుంది. లేకపోతే నల్లగా ఉంటుంది. అప్పటి నుంచి సాయంత్రం ప్రశ్నకు మేం జవాబు చెప్పేది ఆ వరుసను చూసే.

మంగళవారం బెల్లంపల్లిలో అంత్యక్రియలు జరిగాయి. ఖానాపూర్ అక్క కూడా వచ్చింది. మేడం పాదాలు పట్టుకుని, "నా సెంటర్‌ను నిలబెట్టి నువ్వు పోతివా మేడం" అని ఏడ్చింది. అప్పుడు గానీ నాకు ఏడుపు రాలేదు. వచ్చాక మాత్రం ఆగలేదు.

సాయంత్రం మేమంతా నేరుగా ఆఫీసుకే వచ్చాం. ఎవరూ అనుకుని రాలేదు, ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు. తెర అడుగున అన్ని దీపాలూ వెలుగుతున్నాయి, ఒక్క ఖానాపూర్‌ది తప్ప. ఫోన్ చేశాను.

"అక్కా, నెట్ లేదా?"

"నెట్ ఉన్నది బిడ్డా. పొద్దుగాల పాలు కొలిచి, పంపకుండనే మేడం కాడికి ఉరికొచ్చిన. ఇప్పుడే బస్సు దిగుతున్న. ఇంటికి పోను, సీదా సెంటర్‌కే పోత. జర ఆగుండ్రి."

ఆగాం. అందరం బ్యాగులు ఒళ్లో పెట్టుకుని తెర వైపే చూస్తూ కూర్చున్నాం. మా సారు కూడా తన గదిలోంచి వచ్చి మా పక్కనే కూర్చున్నారు. ఎవరు వేశారో, అలవాటు చొప్పున మేడం ఫ్యాను వేసి ఉంది. కాసేపటికి ఖానాపూర్ దీపం వెలిగింది.

"ఎక్కిన్రు మేడం" అన్నాను.

నడవమనే మనిషి లేదు. మాలో ఒక్కరం కూడా లేవలేదు. ఫ్యాను కిర్రుకిర్రుమంటూ ఖాళీ కుర్చీకి గాలి విసురుతూనే ఉంది. దాన్ని ఆపడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.