బుద్వేల్ నుంచి కార్గోకు: ఆలస్యంగా వచ్చిన మందు

చివరి రోజు పొద్దున, కిటికీ తెరవనా అని అడిగితే సునీత కళ్లు పైకెత్తింది. పైకెత్తితే అవును, పక్కకు తిప్పితే వద్దు. జబ్బు మా ఇద్దరికీ మిగిల్చిన భాష అంతే. సాయంత్రం కాకముందే ఊపిరి ఆగిపోయింది. అప్పటిదాకా నా భార్యకు అన్నీ తెలుస్తూనే ఉన్నాయి.

సునీత జువాలజీ లెక్చరర్. తన జబ్బును నాకు పాఠంలాగే చెప్పింది. "మెదడు మంచిగనే చెప్తున్నది. కండ వినెతందుకు తయారుగనే ఉన్నది. నడుమ మాట మోసే కణాలు చస్తున్నయి. మళ్ల పుట్టవు." అవి కండల్ని కదిలించే నాడీకణాలు, పుస్తకాల్లో చాలక నాడీకణాలంటారు. వెన్నుపాము నుంచి పాదం దాకా ఒక్కో కణమే తీగలా సాగి ఉంటుందట. ఆ కణాల చావును కాస్త నెమ్మది చేసే మందును విదేశం నుంచి తెప్పించాం. సమాధి మట్టి ఆరకముందే, శంషాబాద్ ఎయిర్‌పోర్టు కార్గోలో పార్శిల్ దిగిందని ఫోన్ వచ్చింది.

తొమ్మిదింటికి బుద్వేల్‌లో క్యాబ్ ఎక్కాను. రానుపోను, వెయిటింగ్ కలిపి పన్నెండు వందలు. ఆరాంఘర్ దాటాక గగన్‌పహాడ్ దగ్గర లారీల మధ్య ఇరుక్కున్నాం. డ్రైవర్ ఖాదర్‌ది శంషాబాద్. కుడి మోచెయ్యి కిటికీ అంచు మీద పెట్టి, అదే చేత్తో స్టీరింగ్ పట్టుకున్నాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ లేదు, గుంట ఉంది. సునీతకు మొదలైంది అక్కడే. చూపు తిప్పుకున్నాను. జబ్బు పేరు తెలిసి మేం బాగుపడిందేమిటి? అయినా కళ్లు మళ్లీ అటే పోయాయి.

"ఏంది సార్, అద్దంల నుంచి నా చెయ్యే చూస్తున్నరు. జాతకం చెప్తరా?"

"సన్నబడింది కదా?"

"అవ్. చాబీ తిప్పుదామంటే పట్టు దొర్కుతలేదు. తుక్కుగూడల మాలిష్ చేయిస్తున్న. నూనె ఒడుస్తున్నది గని తాకత్ వస్తలేదు."

"తిమ్మిరి ఉంటుందా?"

"మస్తు. చిటికెన వేలికి చాయ్ గ్లాస్ వేడి గూడ తెల్వది. మీరెందుకు గిట్ల పరేషాన్ అయితున్నరు?"

సునీతకు ఎన్నడూ తిమ్మిరి రాలేదు. స్పర్శను మోసే జ్ఞాన నాడీకణాలు వేరు, ఆ జబ్బు వాటి జోలికి పోలేదు. దోమ వాలితే తెలిసేది. తోలుకోలేకపోయేది. తిమ్మిరి ఉందంటే ఖాదర్‌ది బహుశా ఆ జబ్బు కాదు. కిటికీ అంచుకు ఆనించి ఆనించి మోచేతి దగ్గర నరం నలిగి ఉంటుంది. తొందరపడితే నలిగిన నరం కోలుకోవచ్చు. ఒకడి తిమ్మిరిని చూసి కుళ్లుకునే రోజు వస్తుందనుకోలేదు.

"మాలిష్ ఆపు. నరాల డాక్టరుకు చూపించుకో."

"దవాఖానకు పోతే దినమంత పాయె సార్. లోపలికెళ్లి ఏం చెప్పాల్నో గూడ తెల్వది."

"నేనొస్తాను," అన్నాను. సునీతను చూసిన నరాల డాక్టరు గడప మళ్లీ తొక్కనని నిశ్చయించుకుని నెల కూడా కాలేదు.

కార్గోలో రెండు గంటలు పట్టింది. తిరుగు దారిలో మందు డబ్బా నా ఒళ్లో ఉంది. అది ఎవరి కోసం తెప్పించిందో చెప్పాను. "గా మందు నాకు పనికొస్తదా సార్?" అన్నాడు ఖాదర్. రాదన్నాను. అది అతని అదృష్టమని చెప్పలేదు.

పార్శిల్ కోసం వెళ్లేవాళ్లు ప్రయాణికుల టెర్మినల్‌కు పోకండి, కార్గో దారి వేరు. ఎక్కేముందే డ్రైవర్‌కు చెప్పండి. ఆయన మోచెయ్యి కిటికీ మీద ఉంటే, లోపలికి తీసుకోమని కూడా చెప్పండి. చెప్పాల్సిన కబురు చేరకపోతే ఒళ్లు ఏమవుతుందో నేను చూశాను. ఇంకొకరి విషయంలో నోరు మూసుకుని కూర్చోవడం నా వల్ల కాలేదు. అంతకుమించి ఈ ప్రయాణంలో నాకు ఓదార్పేమీ దొరకలేదు.

రేపు పొద్దున ఎనిమిదింటికి ఖాదర్ వస్తాడు. డబ్బా మీద సునీత పేరున్న కాగితం ఒలిచేసి, అవసరమున్నవాళ్లకు ఇమ్మని అదే డాక్టరుకు ఇస్తాను. ఖాదర్ లోపలికి వెళ్లినప్పుడు నేనూ వెళ్తాను.