సీలు తీసేసిన బాబాయి

నిన్న పొద్దున తమ్ముడి ఫోన్. “హనుమాన్ జంక్షన్ దాటామక్కా. ఆక్సిజన్ పెట్టారు. నువ్వు హాస్పిటల్ గేటు దగ్గరే ఉండు.”

గేటు దగ్గరే ఉన్నాను. వచ్చే ప్రతి అంబులెన్సూ మాదే అనుకుని ఎదురెళుతున్నాను.

గన్నవరం దగ్గర మళ్లీ ఫోన్ చేశాడు. ఏడుస్తున్నాడు.

మా బాబాయి పోయాడు.

ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు. మొన్నే ఫోన్లో ఆటపట్టించాడు. “నువ్వు కంగారు పడకపోతే మనూళ్లో తెల్లవారదమ్మా” అని.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. బాబాయి మా నాన్న తమ్ముడు. బంటుమిల్లి దగ్గర రొయ్యల చెరువులు చేసేవాడు. నిన్న ఆయన వచ్చిన దారి వల్ల నాకు ఒక పాత సంగతి పదే పదే గుర్తొస్తోంది. రాసేస్తే కాస్త కుదుటపడతానేమో.

తొంభైల్లో మాట. నేను విజయవాడలో డిగ్రీ చదువుతున్నాను.

అంతకుముందు పంట వైరస్ తగిలి మొత్తం పోయింది. బాబాయి మళ్లీ అప్పు చేసి చెరువు సిద్ధం చేశాడు. ఇదీ పోతే పిన్ని పేరున ఉన్న పొలం అమ్మాల్సిందే. ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనేవాళ్లు కాదు.

సీడ్, అంటే కనురెప్ప వెంట్రుకంత రొయ్య పిల్లలు, మద్రాసు నుంచి విమానంలో వచ్చేవి. కవర్లలో నీళ్లు పోసి, ఆక్సిజన్ నింపి, బాక్సుల్లో పెట్టి సీలు వేసి పంపేవాళ్లు. ఆ ఆక్సిజన్ అయిపోయేలోపు చెరువుకి చేరాలి.

ఇంగ్లీషు అవసరం పడుతుందేమోనని నన్ను గన్నవరం ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్లాడు. పొద్దున రావాల్సిన విమానం మధ్యాహ్నం దాటినా రాలేదు. కౌంటర్లో అడిగితే “లేటండీ” అంటారు. ఎంత లేటో చెప్పరు. నేను కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. బాబాయి ఎండలో నిలబడి ఆకాశం వైపే చూస్తున్నాడు.

అన్నం తిందాం రమ్మంటే, “వాటికి గాలాడుతుందో లేదో. నాకు అన్నం ఎట్టా దిగుద్దమ్మా” అన్నాడు.

సాయంత్రానికి వచ్చింది. ఎయిర్‌లైన్స్ అతను మంచివాడే. పక్కకు పిలిచి చెప్పాడు. “బాక్సులు తెరవకండి. సీలు అలాగే ఉంటేనే నష్టపరిహారం అడగొచ్చు. రేపు నష్టం లెక్కగట్టే సర్వేయర్ వచ్చి చూస్తారండీ.”

“అలాగేనండీ” అన్నాడు బాబాయి.

ఆయన ఎవరికీ కాదని చెప్పే మనిషి కాదు. అలాగేనండీ అనేసి తనకి తోచింది చేసుకుపోతాడు.

బాక్సులు వ్యాన్‌లో ఎక్కించాం. హనుమాన్ జంక్షన్‌లో ఒక వెల్డింగ్ షాపు ముందు ఆపించాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు. దిగి, ఒక బాక్సు సీలు పరపరా చించేశాడు.

“బాబాయ్, సీలు తీస్తే పైసా కూడా ఇవ్వరు. ఇప్పుడేగా చెప్పాడు.”

“రేపటిదాకా ఉంచితే ఆ సర్వేయర్ చూడ్డానికి శవాలే మిగులుతాయమ్మా.”

కవరు ఎత్తి వెలుతురుకి పెట్టి చూశాడు. చాలావరకు అడుగున తెల్లగా పడి ఉన్నాయి. పైన కొన్ని కదులుతున్నాయి.

“ఉన్నాయి” అన్నాడు. అంతసేపూ ఆయన ఎంత భయపడ్డాడో నాకు ఆ ఒక్క మాటతో తెలిసింది.

ఆ షాపులో ఉన్నది ఇనుము కోయడానికి వాడే ఆక్సిజన్ సిలిండర్. షాపాయన ట్యూబు పట్టుకుంటే, బాబాయి ఒక్కో కవరు విప్పి, పాత గాలి పిండేసి, కొత్తది నింపించాడు. నేను రబ్బరు బ్యాండ్లు అందిస్తున్నాను. సిలిండర్ పేలుతుందేమోనని ఒక భయం, సీళ్లన్నీ రోడ్డు మీద పడున్నాయని ఇంకో భయం. బాక్సులన్నీ తెరిచేశాడు. ఒక్కటి కూడా ఉంచలేదు.

అయినా నేను ఊరుకోలేదు. ఎయిర్‌లైన్స్ మీద వినియోగదారుల ఫోరంలో కేసు వేయించాను. మా లాయరు ముందే నేర్పించాడు, పిల్లలన్నీ చచ్చిపోయాయనే చెప్పాలని.

అవతలి లాయరు బాబాయిని అడిగాడు. “సీలు ఎవరు తీశారు?”

“నేనేనండి.”

“సీడ్ మొత్తం చనిపోయిందా?”

గుణదల మేరీమాతకి కొబ్బరికాయ కొడతానని అక్కడికక్కడే మొక్కుకున్నాను. బాబాయి ఒక్కసారి నా వైపు చూశాడు.

“లేదండి. కొన్ని బతికినయ్యి. చెరువులో తిరుగుతున్నయ్యి.”

మనవల సంగతి చెప్పినంత సంతోషంగా చెప్పాడు. కేసు పోయింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. గుడివాడలో చెరుకురసం తెచ్చి ఇచ్చాడు. “కోప్పడకమ్మా. బతికున్నవాటిని పట్టుకుని పోయాయని ఎట్టా చెప్పేది?”

ఆ ఏడు పిన్ని పొలం అమ్మేశారు. బతికిన ఆ కాసిని రొయ్యలు ఇంటి ఖర్చులకి సరిపోయాయి, అంతే. పిన్ని చాలా రోజులు సాధించింది. నేనూ సాధించాను. ఆయన “అలాగేనండీ” అని నవ్వేవాడు.

నిన్న అదే రోడ్డు. హనుమాన్ జంక్షన్, గన్నవరం. ఆక్సిజన్ సిలిండర్ పక్కనే ఉంది. అయినా బాబాయికి గాలి చాలలేదు.

అంబులెన్స్ తలుపు తీశారు. డాక్టరు చూసి, దారిలోనే పోయారమ్మా అన్నాడు. తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు.

“ఇంకొక్కసారి చూడండి” అన్నాను.

పాపం, మళ్లీ చూశాడు. నేనూ దగ్గరికెళ్లి బాబాయి ఛాతీ మీద చెయ్యి పెట్టి చూశాను. చాలాసేపు అలాగే ఉంచాను.

ఏమీ కదల్లేదు.

వెళ్లిరా బాబాయ్. ఇక ఏ విమానం కోసమూ ఎండలో నిలబడక్కర్లేదు. నువ్వున్న చోట నీకు హాయిగా గాలాడాలి.