పెనుకొండలో బాడుగ పాతర

మగ్గం నేసేవాళ్లకు నేలలో గుంత కొత్త కాదు. కాళ్లు గుంతలో పెట్టుకునే కదా పొద్దుగూకులూ నేసేది! అయినా తిండిగింజల్ని కూడా గుంతలో దాస్తారని, దానికి బాడుగ కడతారని పెళ్లయి ధర్మవరం వచ్చేదాకా నాకు తెలియదు. హిందూపురంలో మా పుట్టింట్లో రాగులు ఎప్పటికప్పుడు అంగడి నుంచి తెచ్చుకునేవాళ్లం.

అరవైల మొదటి రోజులవి. మా అత్తగారిల్లు చెరువుకు దగ్గర. నేలంతా చెమ్మ. ఏ మూట పెట్టినా ముక్కిపోయేది. అందుకని మా మామ సుగ్గిలోనే, పంట నూర్పిళ్లప్పుడే, ఇంటిల్లిపాదికీ ఏడాదికి సరిపడా రాగులు కొని, పెనుకొండలో ఒక అవ్వ పెరట్లో ఉన్న పాతరను బాడుగకు తీసుకున్నాడు. పాతరంటే కడవ ఆకారంలో నేలలోకి తవ్విన గుంత. మూతి ఇరుకు, లోపల విశాలం. గోడల వెంట గడ్డి పేర్చి, గింజలు పోసి, మూతి మీద బండ వేసి మట్టి మెత్తితే రాగులు ఏళ్ల తరబడి చెడవట.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. అంగట్లో రాగులు కనబడకుండా పోయాయి. ఎండాకాలం గట్టెక్కాలంటే మాకు ఆ పాతరే దిక్కు. దాన్ని తెరవడానికి మామ, అత్త, నేను పొద్దున రైలెక్కి పెనుకొండలో దిగాం. నన్ను రమ్మని ఎవరూ అనలేదు. చూడాలని నేనే వెంటపడ్డాను.

బండ తొలగించగానే మామ పంచె ఎగ్గట్టాడు. అవ్వ అడ్డం వచ్చింది.

"ఏమప్పా, యాడికి దిగుతాండావు? ముందు దీపం దిగల్ల. అది బతికితే నువ్వు దిగు."

లాంతరుకు తాడు కట్టి దించింది. మా రాగులు పాతరలో సగానికే వచ్చాయి, పైనంతా ఖాళీ. లాంతరు మూరెడు లోతు పోయిందో లేదో టప్పున ఆరిపోయింది. గాలి వీచలేదు, ఎవరూ ఊదలేదు. నాకు ఒళ్లు జలదరించింది. ఆ వెంటనే ఇంకోసారి చూడాలనిపించింది. "ఇంకొకసారి దించవ్వా" అన్నాను. మళ్లీ ఆరింది. ఆ ఆర్పేదేమిటో చూద్దామని తొంగిచూడబోతే అత్త నా జడ పట్టుకుని వెనక్కి లాగింది.

"ఆడ పడి సచ్చిపోతే మీ నాయనకు నేనేం చెప్పల్ల?"

"గింజ గూడా మన మాదిరే ఊపిరి తీస్తాదమ్మా" అని అవ్వ నాకు చెప్పింది. "మూసిపెడితే లోపల మంచిగాలంతా అదే తాగేస్తాది."

గింజలకు ఊపిరేమిటని నాకు నవ్వొచ్చింది. కానీ దీపం మాత్రం ఆరుతూనే ఉంది. వేపమండలు తాడుకు కట్టి, లోపలి గాలి కదిలేలా పైకీ కిందికీ ఊపాం. మధ్యాహ్నమైనా దీపం నిలవలేదు. అవ్వ ముఖం మారింది.

"ఆరిన గింజకు ఇంత ఊపిరి ఉండదే. లోపల చెమ్మ తగిలుండాది. పాతర నింపేటప్పుడు ఏం చేసినారప్పా?"

నింపిన రోజు అవ్వ ఊళ్లో లేదు. ముందురోజే పాతర లోపల గడ్డి మంటవేసి, గోడలు బాగా ఆరబెట్టి, గుడిబండలో కూతురింటికి పోయింది. మామ నసుగుతూ అసలు సంగతి చెప్పాడు. మంట వేడికి గోడలు నెర్రెలిచ్చాయి. మగ్గం గుంతలో నెర్రె కనబడితే తడిమట్టి మెత్తి, నీళ్లు చిలకరించడం ఆయనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. గుంతలో చెమ్మ లేకపోతే పట్టుపోగు పుటుక్కున తెగుతుంది మరి. పాతరనూ అలాగే ముచ్చటగా మెత్తి, నీళ్లు చిలకరించాడు. ఎడ్లబండివాడు తొందరపెడుతున్నాడని ఆరనివ్వకుండానే గడ్డి పేర్చి రాగులు పోయించాడు. నేను నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకున్నాను. మామ ముఖం చూశాక ఆ నవ్వు కాస్తా చచ్చిపోయింది.

పొద్దు వాలేవేళకు దీపం నిలిచింది. నడుముకు తాడు కట్టుకుని మామే దిగాడు. మొదటి బుట్ట నడిమి నుంచి వచ్చింది. రాగులు చల్లగా, చేతిలోంచి జారిపోతున్నాయి. అత్త దేవుడికి దండం పెట్టుకుంది. తర్వాత గోడవారవి వచ్చాయి. నల్లగా గడ్డకట్టి, పులిసిన కంపు కొడుతున్నాయి. మంచివొక కుప్ప, చెడ్డవొక కుప్ప పోస్తూ పోయాం. చివరికి రెండు కుప్పలూ సమానమయ్యాయి.

అత్త ఒక గడ్డను చిదిమి చూసి, "కడిగి ఎండబెట్టుకుంటే పనికి రావా?" అని ఆశగా అడిగింది.

"వద్దమ్మా. బూజు పట్టినేటివి తింటే ప్రాణానికే మోసం. గొడ్లకు గూడా పెట్టొద్దు" అని అవ్వ దగ్గరుండి ఆ కుప్పను దిబ్బలో పూడ్పించింది. అంత కరువులో తిండిని మట్టిపాలు చేస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు.

మిగిలిన సగం ధర్మవరం తెచ్చుకున్నాం. మరుసటి పూట నుంచి మామ తన రాగిముద్దను సగానికి తుంచి, "ఆకలి లేదు" అని పక్కకు పెట్టేవాడు. పొద్దంతా మగ్గం నేసినవాడికి ఆకలి లేకపోవడమేమిటి! సంగతి నాకు అర్థమైంది గానీ, కోడలిని, నోరు విప్పే ధైర్యం లేదు. అత్త కొన్నాళ్లు చూసీ చూడనట్టు ఊరుకుంది. ఒకరోజు ఆ సగం ముద్దను తీసి మళ్లీ ఆయన కంచంలో పెట్టింది.

"పాతరకు మట్టి మెత్తిన దినం నీళ్లు మోసిచ్చింది ఎవరు?"

మామ ఆ ముద్దను మళ్లీ పక్కకు జరిపాడు.

"నేనే గదా. నెర్రెలు చూపించింది గూడా నేనే. అట్లయితే నాకూ ఆకలి లేదు" అని తన కంచం పక్కకు నెట్టి లేవబోయింది.

మామ గబుక్కున ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. ఆయన అత్త చెయ్యి పట్టుకోవడం నేను అంతకు ముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ఇద్దరూ ముద్ద తినేదాకా నేను వంటింట్లోంచి బయటికి రాలేదు.