ఈ యేడు దారం ఏ రంగు?

కాంతమ్మత్త ఎవరింటికి వెళ్లినా గడప దాటకముందే అడిగే మాట ఒక్కటే: "మీ కుక్కకు సూది ఏయించిన్రా?" మనుషుల క్షేమం ఆ తర్వాత. ఒక్కోసారి ఆ తర్వాత కూడా మరిచిపోయేది.

ఒకసారి మానవపాడులో వాళ్ల చిన్నాన్నకు జ్వరమొస్తే చూడటానికి పోయింది. వచ్చినవాళ్లంతా మంచం చుట్టూ కూర్చుంటే ఈమె మంచం కిందికి దూరింది. అక్కడ వాళ్ల కుక్క పడుకొని ఉంది. దాని కనురెప్ప లాగి, చిగుళ్లు చూసి, కడుపు నొక్కి, నులిపురుగులున్నాయి, బెల్లంలో పెట్టి మాత్ర మింగించండని తేల్చింది.

పైనుంచి చిన్నాన్న నీరసంగా, "కాంతా, నేను పైనున్న" అన్నాడట.

"తెలుసు చిన్నాయనా. నీకు డాక్టరొచ్చిండు. దీనికెవరొచ్చిన్రు?"

గద్వాలలో మా మగ్గాల గల్లీ అంగన్‌వాడీకి ఆమె ఆయా. ఈ పిచ్చికి మూలం పోలియో చుక్కలు. చుక్కల ఆదివారం వస్తే డబ్బా పట్టుకొని ఇల్లిల్లూ తిరిగేది. చుక్కలు పడ్డ పిల్లల వేలికి సిరా. అందరికీ వేయడం అయిపోతే తలుపు మీద సుద్దముక్కతో ఒక గుర్తు, ఎవరైనా మిగిలితే ఇంటూ గుర్తు. ఇంత మంచి పద్ధతి మనుషుల పిల్లలకేనా అని ఆమెకు బాధ. 2004 జులైలో, పసుల దవాఖానలో కుక్కలకు పిచ్చి రాకుండా సూది ఉత్తగనే, పైసా తీసుకోకుండా, వేస్తున్నారని తెలిసింది. తెలిసిన గంటలోనే సుద్దముక్క రొండిన దోపుకొని గల్లీలోకి దిగింది. కరిచినంక మనిషికి పొట్టలో సూదులు పొడిపించుకునే బదులు, కరవకముందే కుక్కకు ఒక్క సూది మేలు కదా అని అందరితో వాదించేది.

గల్లీ మూలమీద కిరాణం కొట్టు వెంకట్రాములుకు ఒక కుక్క ఉంది. దాన్ని పట్టుకొని ఊరవతలి దవాఖానకు నడవాలంటే ఆయనకు బద్ధకం. అందుకని తన ఇంట్లో కుక్కే లేదన్నాడు. అదే నిమిషాన లోపల కుక్క మొరిగింది.

"మరి గదెవరు?" అంది కాంతమ్మత్త.

"మా బామ్మర్ది. దగ్గుతుండు."

ఆమె రొండి నుంచి సుద్దముక్క తీసింది. తలుపు మీద గజమంత ఇంటూ గుర్తు పెట్టి వచ్చేసింది.

వెంకట్రాములు దాన్ని తుడవడానికి కూడా బద్ధకించాడు. తర్వాత పోలియో ఆదివారం వచ్చింది. సూపర్‌వైజర్ మేడం ఆ ఇంటూ చూసి ఆగిపోయింది. ఐదేళ్లలోపు పిల్లలను ఎక్కడ దాచారని నిలదీసింది. బియ్యం డబ్బా వెనక కూడా వెతికించింది. వెంకట్రాములు చేతులు జోడించాడు. "మేడం, మా ఇంట్ల అందరికంటె చిన్నది నా భార్య. దానికి యాభై రెండు." తనను చిన్నది అన్నందుకు ఆవిడ మురిసిపోయి అందరికీ చాయ్ పెట్టింది. మేడం చాయ్ తాగి, కాంతమ్మత్త చేతిలోని సుద్దముక్క లాక్కొని పోయింది.

సుద్దముక్క పోయాక ఆమె మా కిటికీ దగ్గరకు వచ్చింది.

ఎనిమిదో తరగతి మధ్యలో బడి మాని, నేను నాయన మగ్గానికి దారపు కండెలు చుడుతూ ఆ కిటికీ పక్కనే ఉండేదాన్ని. గల్లీ అంతా నాకు కనబడేది, నేను గల్లీకి కనబడేదాన్ని కాదు. ఎవరైనా పలకరిస్తే తలుపు చాటుకు పోయేదాన్ని. కాంతమ్మత్త మాత్రం తలుపు చాటుతోనే మాట్లాడేది. నాయన తెంపి పడేసిన పట్టుపోగులు ఇమ్మంది. సూది పడ్డ ప్రతి కుక్క మెడకూ గుర్తుగా కడుతుందట. నేను పోగులు పేని దారాలు చేసిచ్చాను. ఆ ఏడు ఎరుపు. రెండో ఏడు ఆకుపచ్చ.

జులై వస్తే చాలు, ఈ యేడు దారం ఏ రంగని గల్లీ అంతా అడిగేది. మనుషులు నూలు కట్టుకొని తిరుగుతుంటే మా కుక్కలు పట్టు కట్టుకొని తిరిగేవి. కర్నూలు నుంచి చీర కొనడానికి వచ్చిన ఒకామె నాయన పరిచిన పది చీరలూ పక్కకు నెట్టి, కిటికీలోంచి వేలు చూపించి, ఆ కుక్క మెడలో ఉన్న రంగు దొరుకుతుందా అని అడిగింది. ఆనాటి నుంచి నాయన కాంతమ్మత్తను వెక్కిరించడం మానేశాడు.

వెంకట్రాములు ఇంట్లో దాచినదాన్ని పక్కన పెడితే, గల్లీలో మెడ బోసిగా ఉన్న కుక్క ఒక్కటే, అది మా గడప ముందుండే నల్లకుక్క. వచ్చేపోయేవాళ్లను పోలీసులా ఆపి వాసన చూసి గానీ వదలడని వాడికి జమేదారు అని పేరు పెట్టాను. నేను బయట మాట్లాడే మాటలన్నీ వాడితోనే. కాంతమ్మత్త సంచి కనబడితే చాలు, వాడు మగ్గం గుంతలోకి దూకేవాడు. సూది రోజు తెల్లవారకముందే మాయమై పొద్దుగూకాక వచ్చేవాడు. ఆ పూట వాడి మూతి ఎండుచేపల వాసన కొట్టేది. ఆ వాసన నాయనకు పడదు కనుక మా ఇంట్లో వండం. ఎవరి వంటింట్లో దూరాడో అనుకొని ఊరుకునేదాన్ని.

మూడో ఏడు, 2006లో, సూది రోజుకు ముందురోజు మైకు పెట్టుకొని ఒక ఆటో వచ్చింది. మెడకు గుర్తు, చేతిలో సూది చిట్టీ ఉన్న కుక్కలను వదిలేస్తారట. లేనివాటిని ఎల్లుండి బండిలో పట్టుకుపోతారట. జమేదారు గడప మీద కూర్చొని ఆ మైకును శ్రద్ధగా విన్నాడు. నేను వాడి బోసిమెడ చూశాను.

ఆ సాయంత్రం మొదటిసారి నేనే కిటికీలోంచి కాంతమ్మత్తను పిలిచాను. "అత్తా, జమేదారును నువ్వు తీస్కపో."

"నన్ను చూస్తే ఉరుకుతడు. నీ ఎంబడి వస్తడు. నువ్వే తోల్కరా."

"నేనా? బజార్ల నడుసుకుంటనా?"

"దవాఖాన నీ కిటికీ కాడికి రాదు పిల్లా."

మర్నాడు ఉదయం పాత పగ్గం వాడి మెడకు కట్టి, చున్నీ ముక్కుదాకా లాక్కొని బయలుదేరాను. మూడేళ్ల తర్వాత బజారు. ఎన్ని కొత్త బోర్డులు, ఎన్ని బండ్లు, ఎన్ని కళ్లు! నేను వాణ్ని తీసుకుపోతున్నానో, వాడు నన్ను ఈడ్చుకుపోతున్నాడో తెలియలేదు. ఒక మిరపకాయల కుప్పకు, రెండు సైకిళ్లకు, ఒక ఎద్దుకు క్షమాపణ చెప్పాను. కోట గోడ దాటి దవాఖాన గేటు కనబడగానే వాడు నాలుగు కాళ్లూ నేలకు పాతి కూర్చున్నాడు. లాగాను, బతిమాలాను. చివరికి అరిచాను; నా గొంతులో అంత అరుపు ఉందని అప్పటిదాకా నాకే తెలియదు.

"జమేదార్, లెవ్వు. నడువ్."

బజారంతా తిరిగి చూసింది. జమేదారు లేచాడు. ఎదురు హోటల్లో చాయ్ తాగుతున్న హోంగార్డు కూడా లేచి నిలబడ్డాడు.

లోపల కాంతమ్మత్త ఆరు కుక్కలతో అప్పటికే వరుసలో ఉంది. కాంపౌండరు చెన్నయ్య సూది చేతిలోకి తీసుకోగానే ఆమె గోడవైపు తిరిగి కళ్లు మూసుకుంది.

"అయిందా?"

"ఇంక మందు గుంజనే లేదమ్మా" అన్నాడు చెన్నయ్య.

ఊరందరికీ సూది గురించి చెప్పే మనిషి మూడేళ్లలో ఒక్క సూది దిగడం కూడా చూడలేదట. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వులో మా వంతు వచ్చింది. చెన్నయ్య రిజిస్టరు తెరిచి కుక్క ఎవరిదన్నాడు. అందరి తరఫున జవాబు చెప్పే కాంతమ్మత్త ఇప్పుడు గోడతో పనిపడ్డట్టు అటే చూస్తోంది.

"సుమన" అన్నాను.

"జర గట్టిగ చెప్పు."

"సుమన. మగ్గాల గల్లీ. కుక్క పేరు జమేదారు."

ఆయన కలం ఆగింది. పాత పేజీలు తిప్పి, అద్దాల పైనుంచి నన్ను చూశాడు. "నువ్వేనా సుమనవు? రెండేండ్ల సంది పేరు రాస్తున్న, మనిషిని ఇయ్యాల చూస్తున్న."

రిజిస్టరులోకి తొంగి చూశాను. పోయినేడూ, అంతకుముందేడూ నా పేరు, జమేదారు పేరు, సూది తేదీ. నేను చూస్తుండగానే వాడికి మూడో సూది పడింది.

"అయిందా?" అంది గోడ దగ్గరి నుంచి కాంతమ్మత్త.

"అయింది అత్తా. మూడోసారి."

ఆమె మెల్లగా ఇటు తిరిగింది. జమేదారు నేరుగా పోయి ఆమె సంచిలో మూతి పెట్టాడు. ఎండుచేప ముక్క తీసుకొని అక్కడే కూర్చొని నమిలాడు. రెండేళ్లూ సూది రోజు తెల్లవారకముందే ఈ చేప ఆశ చూపే ఆమె వాణ్ని ఇక్కడికి తోలుకొచ్చిందన్నమాట. వాడు ఆమెను చూసి పారిపోయేది సూది తెలియక కాదు, బాగా తెలిసి.

కాంతమ్మత్త ఆకువక్కల సంచి విప్పి నలిగిన రెండు దారాలు తీసింది. ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. నేను పేనినవే. వాటితోపాటు రెండు చిట్టీలు.

"మరి గిన్నొద్దులు ఎందుకు కట్టలే?"

"వీనికి గూడ కడితె, నిన్ను ఇంట్లకెళ్లి బయటికి గుంజనీకె నాకేం మిగులుతది?" అంది. "నువ్వు రాకుంటే ఇయ్యాల పొద్దుగూకెవరకు నేనే కడుతుంటి. దావత్‌కు వచ్చినట్టు వచ్చినవ్ గద."

ఎరుపు, ఆకుపచ్చ, ఈ ఏటి పసుపు, మూడూ జమేదారు మెడకు నేనే కట్టాను. తిరిగి వస్తుంటే చున్నీ భుజం మీదికి ఎప్పుడు జారిందో గమనించలేదు. గల్లీ మూలమీద వెంకట్రాములు కొట్టు ముందు కూర్చొని, నన్ను వీధిలో చూసి నోరు తెరిచాడు. ఎప్పటిలా తల వంచుకొని పోదామనుకున్నాను. కాళ్లు ఆగాయి.

"మామా, మీ బామ్మర్దికి సూది ఏయించినవా?"

ఆయన ఏదో అనబోయాడు. అంతలో లోపలి నుంచి బామ్మర్ది మొరిగాడు.