మేం కాల్చిన మోకు

1946 వేసవి, ఆదివారం సాయంత్రం. నారాయణఖేడ్ శివారు తాటివనంలో ఉన్నవారు: నేను, కల్లుగీసే మల్లయ్య, మా ఊరి పెద్దలు నలుగురు.

కుర్రవాళ్లు తాగుడుకు అలవాటుపడుతున్నారని ముందురోజు నేనూ పెద్దలూ కలిసి మల్లయ్య చెట్టెక్కే మోకును కాల్చేశాం. ఇప్పుడేమో మా తమ్ముడు నర్సింలు మోకు లేకుండా తానే తాటిచెట్టెక్కి, లొట్టి కుండలో మిగిలిన కల్లు తాగి, దిగలేక మట్ట పట్టుకుని ఏడుస్తున్నాడు.

"అన్నా, చేతులు జారుతున్నయే!"

"మల్లన్నా, నీ కాల్మొక్త, జల్దీ ఎక్కవే!" అన్నాను.

"దేనితో ఎక్కాలె? నీ మొలతాడుతోనా?" అంటూనే ఆయన తలరుమాలు విప్పి, నడుముకూ చెట్టుకూ చుట్టుకుని ఎక్కాడు. తమ్ముణ్ణి మెడ కరుచుకోమని దించాడు.

మర్నాడు పొద్దున వెళ్లి చూస్తే, చెట్టు గీరుకుని ఆయన ఛాతీమీద తోలంతా లేచిపోయి ఉంది.

"పోరగాళ్లకు పొయ్యకు అంటే బంద్ జెయ్యకపోదునా? ఒక్కమాట అడగకపోతిరి" అన్నాడు.