కొలగొట్టంలో దిగని తూటాలు

మా లోయలో ఒక మూస్ దుప్పి ఏటా శరత్కాలంలో ఓస్మున్ గుమ్మం ముందుకొచ్చి, మోకరిల్లి, ప్రాణదాతకు కృతజ్ఞత చెప్పి పోతుంది. సరే, మోకరిల్లడం నేను కలిపిందే. సిస్టర్ల బడిలో చదివినవాణ్ణి, ఎవరో ఒకరు మోకరిల్లకపోతే నాకు కథ సాగదు. దుప్పి రావడం మాత్రం నిజం. అతని ఆపిల్ మొక్కల్ని తినేసింది అదే.

ఓస్మున్ పని మానేసిన వడ్రంగి. వేటకు తూటాలు ఇంట్లోనే తయారు చేసుకుంటాడు. పేలి ఉబ్బిన ఇత్తడి గుల్లను అచ్చులో నొక్కి, మందు నింపి, కొత్త గుండు బిగిస్తాడు. ఒక ఏడు ఆ నొక్కడం సరిగ్గా కుదరలేదు. ఎదురుగా దుప్పి నిలబడి ఉండగా తూటా తుపాకీలో సగంలోనే ఇరుక్కుంది. వేట జట్టుకు పెద్ద అతని అన్న కూతురు గూరోయే. మొహమాటం లేకుండా చెప్పేసింది.

"చిన్నాన్నా, వచ్చే ఏడు కూడా ఇరుక్కుందో, నీకు దుప్పికి కాపు కాసే చోటు ఉండదు. మంట దగ్గర కూర్చుని కాఫీ కాద్దువుగాని."

పెళ్లికి ముందు నుంచీ పెద్ద బండ పక్కనే కాపు కాసే మనిషికి అంతకన్నా అవమానం ఉందా?

అందుకని మరుసటేడు ప్రతి తూటానూ ఉక్కు కొలగొట్టంలో వేసి చూశాడు. తూటా అడుగు గొట్టం అంచుకు సమంగా దిగితే మంచిది, పొడుచుకొస్తే పనికిరాదు. మొదట్లో కొన్ని దిగాయి. తర్వాత ఒక్కటీ దిగలేదు. మళ్లీ వేస్తే ముందు దిగినవీ దిగలేదు. పాపం, అన్నిటినీ ఊడదీసి కూర్చున్నాడు. తెల్లారితే వేట.

గూరో వచ్చేసరికి మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"పోనీలే అమ్మాయ్. కాఫీ బాగానే కాస్తాను."

గూరో గొట్టాన్ని కిటికీ వెలుతురులో చూసింది. లోపల అంటుకున్నదాన్ని గోరుతో గీకి వాసన చూసింది.

"బ్రౌన్ చీజ్! ఈ జిగురుది రొట్టె మీద వేసుకుని తింటూ కొలిచావా?"

"పని చేసేవాడు తినొద్దా ఏంటి?"

"తిను, ఎవరొద్దన్నారు? వేళ్లు తుడుచుకోవాలిగా! లే, నువ్వు బిగించు, నేను కొలుస్తా."

మర్నాడు బండ దగ్గరికి దుప్పి వచ్చింది. ఓస్మున్ తూటాను లోపలికి నెట్టే తుపాకీ బోల్టు తోశాడు. తూటా మెత్తగా జారి కుదురుకుంది. ఆ హాయికి వెనక్కి లాగి మళ్లీ తోశాడు. ఇంకోసారి తోశాడు. దుప్పి కాసేపు చూసి, విసుగొచ్చి వెళ్లిపోయింది.

"ఇరుక్కోలేదుగా, చోటు నీదే," అంది గూరో నవ్వాపుకుంటూ.

ఇది నేను చదివి వినిపిస్తే ఓస్మున్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"అంతా అబద్ధం. దుప్పీ లేదు, చీజూ లేదు. ఆ ఏడు పన్నునొప్పితో నేను ఇల్లే కదల్లేదు."